ఢిల్లేశ్వరరావు మోసిన కిడ్నీ

సుభద్రకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయని తేలేనాటికి ఆమె ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం వెళ్ళే బస్సులో కండక్టరు. ముప్పై నాలుగేళ్ళ మనిషి. తమ ఊరు నేలపుట్టుగ నుంచి ఆ ఉద్యోగానికి వెళ్ళిన మొదటి ఆడమనిషి తనే. భర్త ఢిల్లేశ్వరరావును ఊరంతా ఢిల్లి అంటారు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడం అతని పని. స్వయానా మేనత్త కొడుకు కాబట్టి పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆమెకు అతను బావే, అత్తగారు దాలమ్మ అత్తే.

ఆ ఊరున్న ఉద్దానం ప్రాంతంలో ఆ జబ్బు పేరు చిన్నపిల్లలకు కూడా తెలుసు. దాలమ్మ భర్త దానితోనే పోయాడు. నీళ్ళన్నారు, నేలన్నారు, ఎండలో పనన్నారు. ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. అందుకే సుభద్ర రిపోర్టులు చూసినప్పుడు ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. దాలమ్మ మాత్రం పెరట్లోకి వెళ్ళి, చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ చాలాసేపు గోడవైపు తిరిగి కూర్చుంది.

వారానికి మూడుసార్లు డయాలసిస్. పొద్దున్నే వెళితే మధ్యాహ్నం దాటాక వచ్చి మంచం మీద వాలిపోయేది. మర్నాటికి కాస్త లేచి తిరిగేసరికి మళ్ళీ వెళ్ళాల్సిన రోజు వచ్చేది. సూదుల కోసం ఎడమ చేతిలో కలిపిన నరం తాడులా ఉబ్బి, చెవి ఆనిస్తే జుంయ్‌మని మోగేది. ఒంటినిండా దురద. ఉప్పు లేని కూరలు. అన్నిటికన్నా కష్టం నీళ్ళు. రోజు మొత్తానికి ఒక చిన్న సీసా. టీ తాగినా, చారు పోసుకున్నా అందులోంచి తగ్గించుకోవాల్సిందే. కొబ్బరి నీళ్ళలోని పొటాషియం గుండెకే ముప్పని డాక్టర్లు చెప్పారు. మొగుడు రోజూ దింపేదేమో కొబ్బరి బొండాలు. ఒంటేలుకు వెళ్ళడమనే సంగతే ఆమె శరీరం మరిచిపోయింది.

ఉద్యోగం పోలేదు గానీ బస్సెక్కడం పోయింది. డిపోలో కుర్చీ పని ఇచ్చారు. అక్కడా కూర్చోలేక సెలవు పెట్టింది. మధ్యాహ్నం పూట రోడ్డు మీద బస్సు హారన్ వినిపిస్తే, అది ఏ డిపో బస్సో, ఎంత ఆలస్యంగా నడుస్తోందో మంచం మీంచే చెప్పేది.

ఢిల్లి తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు. డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆ ప్రాంతపు మనిషికి ఒక కిడ్నీ తీసేస్తే, రేపు మిగిలినదానికి అదే జబ్బు వస్తే ఏం చేస్తామన్నారు. ఆస్పత్రి జాబితాలో సుభద్ర పేరు రాసుకుని, కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు.

వచ్చింది డాక్టర్ వారిజ.

ఆవిడ విశాఖపట్నంలో ఒక పరిశోధనశాల నడుపుతోంది. ఉద్దానం ఊళ్ళు తిరుగుతూ, ఒప్పుకున్నవాళ్ళ చేతి మీద నుంచి పెసరగింజంత చర్మం తీసుకుని వెళ్ళేది. సుభద్ర దగ్గరా తీసుకుంది. కొన్ని నెలలు గడిచాక, రమ్మని ఫోన్ చేసింది.

పరిశోధనశాలలో ఒక గాజు పెట్టె ముందు సుభద్రను, ఢిల్లిని నిలబెట్టి దీపం వేసింది. గులాబీ రంగు ద్రవంలో చిక్కుడు గింజంత వస్తువొకటి తేలుతోంది. ఒకవైపు నొక్కినట్టు చిన్న గుంట. దాని నుంచి వెంట్రుకంత తోక.

“ఇది మీ కిడ్నీ, సుభద్ర గారూ,” అంది వారిజ. “మీ చర్మంలోని కణాలను మళ్ళీ మొదటికి తీసుకెళ్ళి, తల్లి కడుపులో కిడ్నీ ఎలా మొదలవుతుందో అలా మొదలుపెట్టాం.”

సుభద్ర గాజుకు మొహం ఆనించి చూసింది. “నాదేనా? ఇంతేనా?”

“ఇంతకన్నా పెద్దది ఇక్కడ కాదు. దీనికి రక్తం కావాలి. సీసాలో పోసిన రక్తం కాదు, గుండె తోస్తున్న రక్తం.”

“మరి నాలో పెట్టీండమ్మా.”

“మీలాంటివాళ్ళలో పెట్టి చూశాం. వారం తిరక్కుండా నల్లబడిపోయింది. మీ రక్తంలో పేరుకున్న మురికిని ఇంత పసిది తట్టుకోలేదు. శుభ్రమైన రక్తమున్న మనిషి కడుపులో, పేగుల మీద కప్పి ఉండే కొవ్వు పొరలో నాటితే ఎనిమిది నెలల్లో జామకాయంత అవుతుంది. అప్పుడు తీసి మీకు పెడతాం. మీ సొంత కణాలతో తయారైంది కాబట్టి మీ ఒళ్ళు దాన్ని కాదనదు. మామూలు మార్పిడిలోలాగ జన్మంతా మందులు మింగక్కర్లేదు.”

“ఆ మందులు మోసేవోళ్ళు మింగాల,” అన్నాడు ఢిల్లి.

వారిజ అతని వైపు తిరిగింది. “అవును. మోసేవాళ్ళ ఒంటికి అది పరాయిది. దాన్ని చంపకుండా ఉండాలంటే వాళ్ళ రోగనిరోధక శక్తిని తగ్గించాలి. ఆ ఎనిమిది నెలలూ చిన్న జ్వరం కూడా పెద్ద ప్రమాదం. పనికి వెళ్ళకూడదు. దుమ్ములో తిరగకూడదు. ఇప్పటిదాకా మోసినవాళ్ళు కొద్దిమందే. అందరికీ ఫలించలేదు. ఒకామె న్యుమోనియా వచ్చి చచ్చి బతికింది. ఇవన్నీ తెలిశాకే మీరు ఆలోచించుకోవాలి.”

“రక్తసంబంధం ఉంటే మేలా?”

“చాలా మేలు.”

“ఇది నా మేనమామ కూతురు,” అన్నాడు ఢిల్లి. “నా కడుపులో పెట్టండి.”

* * *

దాలమ్మ ఒప్పుకోలేదు.

“ఆ గుంట నా తమ్ముడి కూతురే. నాను కాదన్ను. నా సేతుల మీద పెరిగినాది,” అంది వీధి అరుగు మీద కూర్చుని, లోపల సుభద్ర వింటోందని తెలిసే. “గానీ నువ్వు నా కొడుకువిరా. మీ బాబుని ఆస్పత్రికి తిప్పినాను, తెచ్చినాను, ఆకరికి మోయించుకొచ్చినాను. ఇప్పుడు నిన్నూ ఆ బల్ల మీద పడుకోబెట్టమంటే నా వల్ల కాదు.”

“నాకు రోగం లేదే అమ్మా. పరీచ్చలన్నీ సేసినారు.”

“రోగం లేనోడివి మందులు మింగి రోగం తెచ్చుకుంటావేటి?”

ఢిల్లి తల్లి పక్కన కూర్చున్నాడు. “నాను సెట్టెక్కిన ప్రెతీసారీ నువ్వు ఇలాగే అన్నావు. పడిపోనానా?”

దాలమ్మ లేచి వెళ్ళిపోయింది. కొడుకును విశాఖపట్నం పంపేరోజున గుమ్మంలోకి రాలేదు.

నాటడం చిన్న ఆపరేషనే. నాలుగోరోజుకు ఢిల్లి ఇంటికి వచ్చాడు. బొడ్డు పక్కన అంగుళమంత గాటు తప్ప ఏమీ తెలిసేది కాదు. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. మందులతో చేతులు వణికాయి. నోరంతా పూసి కారం తగిలితే కళ్ళమ్మట నీళ్ళు వచ్చేవి. ముఖం ఉబ్బింది. మోకు పట్టి కాయలు కాసిన అరచేతులు మెత్తబడ్డాయి. ఎవరింట్లో పెళ్ళయినా చావయినా దూరం నుంచే దణ్ణం పెట్టి వచ్చేవాడు. మాస్కు వేసుకుని అరుగు మీద కూర్చుంటే దారిన పోయేవాళ్ళు ఊరుకునేవారు కాదు.

“ఎన్నో నెలరా ఢిల్లీ?”

“పుల్లమామిడికాయ పంపమంటావేటి?”

మొదట్లో అతనికి కోపం వచ్చేది. ఒకరోజు నవ్వొచ్చింది. “పంపరా. ఉప్పు తక్కువెయ్యమను,” అన్నాడు. ఆ తర్వాత వేళాకోళం తగ్గింది. కొందరు అరుగుకు కాస్త దూరంగా కూర్చుని అతనితో కబుర్లు చెప్పి వెళ్ళేవాళ్ళు.

సుభద్రకు మాత్రం నవ్వు రాలేదు. భర్త దగ్గితే చాలు, చేతిలో పని వదిలేసేది. వెళ్ళి తిన్నావా, మందేసుకున్నావా, చెయ్యి కడుక్కున్నావా అని వెంటపడేది. ఆ అడగడంలో భర్త మీద ప్రేమ ఎంతుందో, లోపలున్న దాని మీద ఆశ ఎంతుందో ఆమెకే తెలిసేది కాదు. ఆ సంగతి ఒకసారి బయటికే అనేసింది.

“నాను నీకోసం భయపడుతున్నానో, నాకోసం భయపడుతున్నానో తెల్డం లేదు బావా.”

“రెండూ నీవేలే,” అన్నాడు ఢిల్లి. “ఏటైపోతాది?”

నాలుగో నెలలో వారిజ మరో చిన్న ఆపరేషన్ చేసింది. కొత్త కిడ్నీ తోకను ఢిల్లి మూత్రాశయానికి కలిపింది. అలా కలపకపోతే ఊరిన నీరు పోయే దారి లేక అది ఉబ్బి పాడవుతుంది. అంటే అది అప్పటికే పని మొదలుపెట్టిందన్నమాట. ఇంటికి వచ్చిన రోజు ఢిల్లి స్నానాల గది నుంచి బయటికి వస్తూ పెద్దగా చెప్పాడు:

“సుభద్రా! ఇయాల్టి నుంచి నీ వంతు ఒంటేలు కూడా నానే పోస్తన్నాను!”

చాలాకాలానికి సుభద్ర పొట్ట పట్టుకుని నవ్వింది. వంటింట్లో దాలమ్మ కూడా నవ్వు ఆపుకోలేక దగ్గింది.

* * *

ఐదో నెల పరీక్షల రోజున వారిజ మామూలుగా మాట్లాడలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి, తలుపు వేసి, కంప్యూటర్ తెర వాళ్ళవైపు తిప్పింది. ఢిల్లి కడుపు బొమ్మ. పైన రెండు వైపులా రెండు కిడ్నీలు, కింద బొడ్డు దగ్గర చిన్నది. పని ఎంత బాగా జరుగుతుంటే అంత వెలుగు. చిన్నది దీపంలా వెలుగుతోంది. పెద్దవి రెండూ మసకగా ఉన్నాయి.

“ఢిల్లేశ్వరరావు గారూ, మీ సొంత కిడ్నీలు దెబ్బతింటున్నాయి.”

సుభద్ర కుర్చీ తెర దగ్గరకు జరుపుకుంది.

“ఎలగ? అప్పుడు బాగున్నాయన్నారు కదా,” అంది సుభద్ర.

“అప్పుడు చేసిన పరీక్షలన్నీ బాగానే వచ్చాయి. మీ ఊరి జబ్బు మొదట్లో ఏ పరీక్షకూ దొరక్కుండా ఉండొచ్చు. లేదా నేనిచ్చిన మందులే చేసి ఉండొచ్చు, వాటికి ఆ గుణం ఉంది. ఏదో ఒకటి కచ్చితంగా చెప్పమంటే చెప్పలేను. నాకు తెలియదు.” వారిజ చేతులు బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ మాట్లాడింది. “తెలిసింది ఒక్కటే. మందులు ఆపెయ్యాలి. ఎంత తొందరగా ఆపితే అంత మంచిది.”

“ఆపితే ఇదేమవుతాది?” ఢిల్లి బొడ్డు మీద చెయ్యి వేసుకున్నాడు.

“మీ ఒళ్ళు దాన్ని చంపేస్తుంది. అందుకని ముందే తీసేస్తాను. ఇప్పుడున్న సైజులో సుభద్ర గారిలో పెట్టినా నిలబడదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టి, మోయడానికి ఇంకొకరిని వెతకాలి.”

“మూడు నెల్లే కదా ఉన్నాది. మింగుతాను.”

“ఒద్దు,” అంది సుభద్ర.

“నువ్వు మాటాడకు.”

“నాను మాటాడకపోతే ఎవరు మాటాడతారు? డాక్టరమ్మా, తీసీండి. ఇయాలే తీసీండి. నాకొద్దు.”

బయటికి వచ్చాక మెట్ల మీదే ఇద్దరూ తగువు పడ్డారు. కింద రోడ్డు, రోడ్డుకు అవతల సముద్రం. ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు.

“ఇన్నాళ్ళు మోసినాను. ఇప్పుడు పారీమంటావా?”

“నువ్వూ సూదుల కుర్చీలో కూకుంటే ఆ కిడ్నీ పెట్టుకుని నాను ఏ మొకంతో నీళ్ళు తాగుతాను? నీకు తెలీదు బావా. నాకు తెలుసు ఆ కుర్చీ. నా పగోడికి కూడా ఒద్దు.”

ఢిల్లి మెట్టు మీద కూలబడి మాస్కు తీసేసి మొహం తుడుచుకున్నాడు. సుభద్ర గభాల్న వంగి మళ్ళీ మాస్కు పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ ఊరి బస్సెక్కారు.

జరిగింది విని దాలమ్మ ఏడవలేదు, తిట్టలేదు. చుట్ట చేతిలోకి తీసుకుంది గానీ వెలిగించలేదు. మర్నాడు పొద్దున్నే మంచి చీర కట్టుకుని, కోడలి ముందు వచ్చి నిలబడింది.

“నన్ను ఆ డాక్టరమ్మ కాడికి తీసుకెళ్ళు.”

“తిట్టడానికేటి అత్తా?”

“నడువు ముందు.”

వారిజ గదిలో దాలమ్మ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే అడిగింది. “అమ్మా, వరి నారు ఒక మడిలో పోసి ఇంకో మడిలో నాటుతాం. ఇదీ అలాగ నాటొచ్చా?”

“అర్థం కాలేదమ్మా.”

“నా కొడుకు కడుపులోంచి తీసి, ఇంకో కడుపులో పెట్టొచ్చా? మిగిలిన మూడు నెల్లూ?”

వారిజ చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది. “గొర్రెల్లో చేశాం. మనుషుల్లో ఎవరూ చెయ్యలేదు. ఎవరి కడుపులో?”

“నాదే. ఆడు నాకు పుట్టినోడు. ఈ గుంట నా తమ్ముడి కూతురు. రక్తం కావాలన్నారంట కదా, ఇద్దరి రక్తం నాదే.”

సుభద్ర అత్త వైపు చూస్తూ ఉండిపోయింది. దాలమ్మ ఆమె వైపు చూడలేదు.

“మీకు యాభై ఏడేళ్ళు. ఆ మందులు—”

“పరీచ్చ సెయ్యండి. పనికిరాకపోతే పనికిరానని సెప్పండి. వయసు సెప్పి పంపకండి.”

పరీక్షలు చేశారు. ఊళ్ళో సగం మందిని పట్టిన ఆ జబ్బు దాలమ్మ దరిదాపులకు రాలేదు. ఢిల్లికి చేసిన పొరపాటు మళ్ళీ జరగకూడదని వారిజ ఈసారి సూదితో కిడ్నీ ముక్క తీసి మరీ చూసింది. దాలమ్మ కిడ్నీలు పడుచు మనిషి కిడ్నీల్లా ఉన్నాయి. ఊపిరితిత్తులే బాగాలేవు.

“అడ్డపొగ మానెయ్యాలి,” అంది వారిజ.

“ఎన్నాళ్ళు?”

“ఇక ఎప్పటికీ.”

దాలమ్మకు కొడుకును బల్ల మీద పడుకోబెడుతున్నారన్నప్పుడు కూడా అంత కష్టమనిపించి ఉండదు. పెళ్ళయిన కొత్తలో మొగుడు మానమంటే మానలేదు, డాక్టరు మానమంటే మానలేదు. కొంగున కట్టుకున్న చుట్టలు విప్పి బల్ల మీద పెట్టింది. “ఇయి మీ దగ్గరే ఉంచీండి. నా దగ్గరుంటే మానలేను.”

* * *

తల్లీ కొడుకులను పక్కపక్క గదుల్లో పడుకోబెట్టి ఒకే పూటలో ఆపరేషన్ చేశారు. ఢిల్లి కడుపులోంచి తీసిన కిడ్నీని వారిజ తనే దాలమ్మ గదిలోకి మోసుకెళ్ళింది. నరాలు కలిపి, రక్తాన్ని ఆపిన పట్టు వదిలాక, పాలిపోయిన ఆ ముక్క మెల్లగా ఎర్రబడింది. అప్పుడు ఆవిడ నర్సుతో, “రాసుకోండి, పట్టుకుంది,” అంది.

సుభద్ర డయాలసిస్ మార్చుకుని విశాఖపట్నంలోనే ఉండిపోయింది. పరిశోధనశాల వెనక ఇచ్చిన రెండు గదుల ఇంట్లో ఆమె, దాలమ్మ. ఢిల్లి మందులు ఆగి, గాయం మానేదాకా ఊళ్ళోనే ఉన్నాడు.

పొగ లేని దాలమ్మతో కాపురం తేలిక కాదు. చీటికీ మాటికీ విసుక్కునేది. పాలలో మీగడ ఎక్కువైందని ఒకపూట, తక్కువైందని ఒకపూట. నోట్లో పుళ్ళు లేచి ముద్ద దిగనప్పుడు, సుభద్ర అన్నం మెత్తగా గుజ్జు చేసి, చల్లార్చి పెట్టింది.

“ఆడికీ ఇలాగే లేచినాయా?” అని అడిగింది దాలమ్మ.

“లేచినాయి.”

“నాకు సెప్పనేదు.”

“నువ్వు అప్పుడు మాటాడేదానివి కాదు కదత్తా.”

దాలమ్మ రెండు ముద్దలు తిన్నాక అంది: “మీ మావకు ఆకరి దినాల్లో దాహం దాహమని ఒకటే గోల. డాక్టరు వద్దన్నాడని నాను ఇవ్వనేదు. దాసీసినాను. ఇప్పుడు నీకు పెడతన్న ఈ సీసా సూస్తే నాకు అదే గుర్తొస్తాది. అందుకే నీకాడ కూకోలేకపోయేదాన్ని. నీమీద కోపమనుకున్నావేటి?”

సుభద్ర పళ్ళెం పక్కన పెట్టి అత్త పాదాలకు కొబ్బరినూనె రాసింది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని తినడం మొదలుపెట్టారు.

ఏడో నెలలో దాలమ్మకు జ్వరం తగిలింది. గంటల్లోనే పెరిగింది. వారిజ ఆమెను గాజు గదిలో పెట్టి ఎవరినీ లోపలికి రానివ్వలేదు. సుభద్ర అద్దం బయట స్టూలు వేసుకుని కూర్చుంది. ఢిల్లి ఊరి నుంచి పరిగెత్తుకొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. దాలమ్మ పోతే తామిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేమని ఇద్దరికీ తెలుసు. వారిజ కూడా ఆ మూడు రోజులూ ఇంటికి వెళ్ళలేదు. అవసరమైతే కిడ్నీ తీసి పారేసి మనిషిని దక్కించుకుంటానని చెప్పి, ఆపరేషన్ గది సిద్ధంగా ఉంచింది.

మూడోరోజు మధ్యాహ్నం లోపలి ఫోన్ మోగింది. దాలమ్మ గొంతు నీరసంగా ఉంది గానీ మాట అదే.

“ఏటలాగ గుడ్లప్పగించి సూస్తన్నారు ఇద్దరూ? నీ సామాను పదిలంగానే ఉన్నాదే సుభద్రా. ఎళ్ళి తిండి తినండి.”

జ్వరం దిగింది. కిడ్నీ నిలిచింది.

* * *

ఎనిమిదో నెల నిండిన వారానికి ఆ కిడ్నీ తన సొంత మనిషిలోకి వెళ్ళింది.

సుభద్రకు తెలివి వచ్చేసరికి మంచం పక్కన సంచీ వేలాడుతోంది. దాంట్లోకి గొట్టం నుంచి చుక్క చుక్కగా లేత పసుపు నీరు దిగుతోంది. ఆమె తల తిప్పి దాన్నే చూసింది.

“అది నాదేనా?” అంది.

“మీదే,” అంది వారిజ. “ఆపరేషన్ బల్ల మీదే మొదలైంది. నా కోటు మీద కూడా పడింది.”

సుభద్ర సిగ్గుపడి నవ్వబోయి, కుట్లు లాగి, మూలిగింది.

మర్నాడు వారిజ పెద్ద కూజా తెచ్చి పక్కన పెట్టి, సాయంత్రానికి అదంతా తాగాలంది. సుభద్ర గ్లాసు చేతిలోకి తీసుకుంది. ఒక గుక్క తాగి అలవాటుగా సీసా మూత కోసం వెతికింది. ఇన్నాళ్ళూ కలలో కూడా నీళ్ళే తాగిన మనిషి, తాగమంటే తాగలేకపోయింది. సగం గ్లాసుకే ఆపి కింద పెట్టింది. ఇది తప్పేమో, దీనికి రాత్రి ఊపిరాడదేమో అని భయం.

“ఏటీ, నానే తాగించాలా?” అంది దాలమ్మ. ఆమె కడుపుకు ఇంకా కట్టు ఉంది. గోడ పట్టుకుని నడిచి వచ్చి మంచం అంచున కూర్చుని, చిన్నపిల్లకు పట్టినట్టు గ్లాసు పట్టింది. సుభద్ర తాగుతూ ఏడ్చింది. ఏడుస్తూ తాగింది. గుమ్మంలో ఢిల్లి ఆ రెండూ చూస్తూ నిలబడ్డాడు.

నెల తిరక్కుండా దురద పోయింది. కూరలో ఉప్పు రుచి తెలిసింది. చెయ్యి మీది నరం ఇక అక్కర్లేదని కట్టేశారు. పొద్దున్న లేస్తే ఒళ్ళు బరువుగా ఉండకపోవడం ఆమెకు వింతగా ఉండేది. మరో ఐదు నెలలకు యూనిఫాం కుట్టించుకుని బస్సెక్కింది.

ఢిల్లి సంగతే పూర్తిగా బాగుపడలేదు. మందులు ఆపాక అతని కిడ్నీలు కొంత కోలుకున్నాయి, కొంత కోలుకోలేదు. వారిజ దాచకుండా చెప్పింది. “మీరు పోగొట్టుకున్నది నేను తిరిగి తేలేను. ఇక్కడితో ఆగే అవకాశమే ఎక్కువ. ఆగకపోతే మీ చర్మం నా దగ్గర ఉంది, మీకూ ఒకటి పెంచుతాను.” అతను చెట్లెక్కడం తగ్గించుకుని, కాయలు కొని బండి మీద పంపే పని చూసుకున్నాడు. ఎండలో తిరగడు, ఆరు నెలలకోసారి పరీక్షకు వెళతాడు. వెళ్ళిన ప్రతిసారీ కిడ్నీల పనితీరు చెప్పే అంకె అక్కడే ఉంటోంది. పరీక్ష రోజున సుభద్ర డ్యూటీ మార్చుకుని మరీ వెంట వెళుతుంది.

వారిజ ఆ ఏడంతా కొత్త కిడ్నీ ఒక్కటి కూడా నాటలేదు. ఢిల్లి, దాలమ్మల లెక్కలన్నీ ముందేసుకుని కూర్చుంది. ఒక్క మనిషి చేత ఎనిమిది నెలలు మోయించడమే తన తప్పని చివరికి ఆవిడకు తోచింది. దాలమ్మ అడిగినట్టు నారు ఒక మడి నుంచి ఇంకో మడికి మారుతుందని రుజువైంది కదా. నలుగురు మనుషులు రెండేసి నెలలు మోస్తే, ఎవరి ఒంటికీ మందులు పట్టుకునేలోపే మోత దిగిపోతుంది. కానీ ఒకరి కోసం నలుగురు ఎక్కడ దొరుకుతారు? సొంతవాళ్ళే ఒక్కరు దొరకడం కష్టమైన రోజుల్లో? ఆ మాట ఒకసారి పరీక్షకు వచ్చిన దాలమ్మతో అంది.

దాలమ్మ విని, ఊరి బస్సెక్కింది.

ఒక మాఘమాసపు ఉదయం సుభద్ర బస్సు నేలపుట్టుగ దారిలో ఆగింది. ముందు దాలమ్మ ఎక్కింది. ఆ వెనక లోకనాథం. ఊళ్ళో బట్టలు కుట్టే కుర్రాడు, రెండేళ్ళుగా డయాలసిస్ మీద ఉన్నాడు. పెళ్ళాం లేదు, తల్లి ముసలిది. అతని వెనక ఇద్దరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు అతని చిన్నాన్న కొడుకు, ఒకామె పక్కింటి వదిన. మిగిలిన ఇద్దరూ అతనికి ఏమీ కారు, అతని దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్ళు.

“ఎక్కడికత్తా ఇందరు?”

“ఇశాపట్నం. డాక్టరమ్మ కాడికి,” అంది దాలమ్మ, ముందు సీటులో సర్దుకుంటూ. “నలుగురు దొరకరని అన్నాది కదా. తలో రెండు నెల్లూ అంటే సాలా మందే వొచ్చినారు. పరీచ్చలో పోయేవోళ్ళు పోతారని ఊళ్ళో ఇంకా ముగ్గురిని ఉంచినాను.”

బస్సు కదిలింది. టిక్కెట్లు కొట్టడం అయ్యాక సుభద్ర వచ్చి లోకనాథం పక్కన కాసేపు కూర్చుంది. అతను కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వెనక సీట్లలో ఆ నలుగురూ ఎవరు ముందు మోయాలో వాదించుకుంటున్నారు.

“అప్పా,” అన్నాడు లోకనాథం చిన్నగా, అక్క వరసన. “ఈళ్ళందరికీ నాను ఏటివ్వగల్ను? నాకు నిద్దర పట్టడం లేదు.”

సుభద్రకు ఆ ప్రశ్న తెలుసు. తను ఇంట్లో ఇద్దరు మనుషుల మొహాలు చూస్తూ రోజూ తనలో తను వేసుకున్న ప్రశ్నే.

“ఇచ్చీదేటీ లేదు తమ్ముడూ,” అంది. “నువ్వు బాగుండు. బాగుండి ఆళ్ళ కళ్ళ ముందు తిరుగు. ఆళ్ళు అంతకన్నా ఏటీ అడగరు. నాను సూసినాను.”

లోకనాథం తల ఊపాడు. అతని భుజం మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఉంచి, సుభద్ర లేచింది. తర్వాతి స్టేజిలో చాలామంది ఎక్కడానికి నిలబడి ఉన్నారు.